గోపన్‌పల్లిలో ఒక సంచి తూకం



మెదక్ దేవాలయం చూసి వచ్చినవారు, వేలూరు ఆసుపత్రికి వెళ్ళి వచ్చినవారు తమ ప్రయాణాలను గూర్చి వ్రాస్తుంటారు. మేము వ్రాయబోయేది చూడదగిన స్థలమేమీ కాదు. హైదరాబాదుకు పడమట గోపన్‌పల్లి అనే చోట మేము ఒక వారం గడిపాము. ఆ వారమంతా మా ఇంట ఒకటే ఆలోచన. ఒక సంచి కొనాలా, వద్దా? వినడానికి చిన్న సంగతే. అయినా దానివలన మేము నేర్చుకొన్నది చిన్నది కాదు గనుక వ్రాస్తున్నాము.

మా అబ్బాయి గోపన్‌పల్లిలో అద్దెకుంటూ, దగ్గరలోని ఒక కంప్యూటరు కంపెనీలో పని చేస్తున్నాడు. నెలకు ఒకసారి మా ఊరికి వస్తాడు. నెలకు ఒకసారి ఆఫీసు పని మీద బెంగుళూరు వెళ్ళి మూడు రోజులుండి వస్తాడు. సంక్రాంతికి ముందు ఒక రాత్రి ఫోను చేసి, "నాన్నా, ప్రయాణాలకు ఒక బ్యాగు చూశాను. వీపుకు తగిలించుకొనేది. 13,500 రూపాయలు. కొనుక్కోనా?" అని అడిగాడు.

మేము కాసేపు మాట్లాడలేకపోయాము. మా ఇంట్లో సంచి అంటే ఉతికి కుట్టించిన యూరియా గోతం, లేదా బట్టల కొట్టువాడు ఉచితంగా ఇచ్చిన గుడ్డ సంచి. పైగా మా అమ్మాయి నర్సింగు చదువుతోంది. మార్చి నెలలో దాని ఫీజు 15,000 రూపాయలు కట్టాలి. ఆ ఫీజు తానే కడతానని అన్నగా వాడు మాట ఇచ్చాడు. మాట తప్పే పిల్లవాడు కాడు. తన జీతంతో తాను కొనుక్కొనే వస్తువుకు మమ్మల్ని అడుగుతున్నాడంటే, ఆ మాట వాడి మనసులో ఉన్నదని అర్థం. "పండుగకు వస్తావు గదా, అప్పుడు చూద్దాం" అని ఫోను పెట్టేశాము. కాని మా జవాబు అప్పుడే సిద్ధమైపోయింది. వద్దనే చెప్పాలనుకొన్నాము.

పండుగ అయ్యాక వాడు తిరిగి వెళ్తుంటే, వాడుండే చోటు చూసినట్టూ ఉంటుందని మేమూ బయలుదేరాము.

లింగంపల్లి మెట్ల మీద

మా గోదావరి జిల్లాల నుండి కొన్ని రైళ్ళు లింగంపల్లి దాకా వస్తాయి. తెల్లవారుజామున దిగి పాదచారుల వంతెన మెట్లు ఎక్కుతున్నాము. సగం ఎక్కామో లేదో, ముందు నడుస్తున్న అబ్బాయి వీపు మీది సంచి ఒక ప్రక్కకు ఒరిగిపోయింది. కుడి పట్టీ పైమొదట్లో కుట్టు ఊడింది. ఉద్యోగంలో చేరిననాడు కంపెనీ ఇచ్చిన సంచి అది. నాలుగేళ్ళుగా ఆఫీసుకూ అదే, ఊరికీ అదే.

మా ఇద్దరికీ ఒకేసారి పాత సంగతి జ్ఞాపకానికి వచ్చింది. వాడిని కాలేజీ హాస్టలులో చేర్చడానికి వెళ్ళేటప్పుడు సంతలో 350 రూపాయలకు ఒక సంచి కొన్నాము. బేరమాడి 50 తగ్గించినందుకు సంతోషించాము కూడా. ఏలూరు బస్టాండులో బస్సు దిగుతుండగా దాని పట్టీ తెగింది. లోపల ఆవకాయ సీసా పగిలింది. పదవ తరగతి సర్టిఫికెట్టు మీద నూనె మరకలు పడ్డాయి. కాలేజీలో ఆ కాగితం పుచ్చుకొన్న గుమాస్తా దానిని రెండు వేళ్ళతో పట్టుకొన్న తీరు మేము మరువలేదు. వాడు మాత్రం ఆనాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఈనాడూ అనలేదు. సంచిని చేతులతో పొట్టకు హత్తుకొని మిగతా మెట్లు ఎక్కాడు.

రాళ్ళ నడుమ ఊరు

ఆటోలో నల్లగండ్ల మీదుగా గోపన్‌పల్లికి వెళ్ళాము. ఆ ప్రాంతంలోనే 1974లో స్థాపించబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ ఉన్నది. అక్కడక్కడ ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న గ్రానైటు బండలు. అవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. గోపన్‌పల్లి తండా కూడలి దగ్గర 2024లో ప్రారంభమైన వంతెన ఉన్నది. ఆ ప్రక్కనే నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, విప్రో సర్కిల్. తల పైకెత్తితే గాని చివర కనిపించని అద్దాల మేడలు.

1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాత పాతికేళ్ళలో గుట్టలు, గడ్డి నేలలు ఉన్న ఈ పడమటి గ్రామాలు ఒక్కొక్కటిగా నగరంలో కలిసిపోయాయి. పాత ఊరి ఇరుకు సందులు ఇంకా ఉన్నాయి. వాటిని ఆనుకొని హాస్టళ్ళు, టిఫిను బండ్లు, జిరాక్సు కొట్లు.

ఉదయం ఎనిమిది దాటాక రోడ్డు ప్రక్క నిలుచుంటే ఒక వింత కనిపిస్తుంది. అబ్బాయిలు, అమ్మాయిలు, అందరికీ మెడలో ఒక కార్డు, వీపున ఒక సంచి. మా ఊరిలో ఉదయాన భుజాన పారలు వెళ్తాయి. ఇక్కడ వీపున సంచులు వెళ్తాయి. అది షోకు కాదు, వారి పనిముట్లు అందులోనే ఉంటాయి. ఈ సంగతి గ్రహించడానికి మాకు అక్కడికి వెళ్ళి నిలబడవలసి వచ్చింది.

కుట్టుమిషను పెద్దాయన మాట

ఆటో దిగిన చోటనే, రోడ్డు వారగా, పెద్ద గొడుగు క్రింద ఒక పెద్దాయన కుట్టుమిషను పెట్టుకొని సంచులు, బూట్లు బాగుచేస్తున్నాడు. అబ్బాయి సంచిని ఆయన ముందు పెట్టాము. ఎత్తి చూసి, "గింత బరువేంది సారూ?" అన్నాడు. ప్రక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాడు. 13 కిలోల 200 గ్రాములు తూగింది.

ఆయన పని చేస్తుండగా మేము మాట కలిపాము. పదమూడు వేలు పెట్టి సంచి కొనవచ్చా అని అడిగాము. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపడలేదు. తనవద్ద బాగుకు వచ్చిన సంచుల కుప్ప చూపించాడు. వాటిలో పేరున్న ఖరీదైనవీ ఉన్నాయి, పేరులేనివీ ఉన్నాయి.

"గుడ్డ జల్ది చినగది సారూ. ఇరవై సంచులొస్తే ఒక్కటి గుడ్డ చినిగి వస్తది. మిగిలినయన్నీ రెండు తీర్లు. గిదో, పట్టీ మొదలు కాడ కుట్టు ఊడుతది. లేకపోతే జిప్పు రన్నరు లూజయితది. కొనేటప్పుడు అందరు రంగు చూస్తరు, గుడ్డ పట్టి చూస్తరు. మొదలు చూడరు."

పట్టీ మొదటిలో కుట్టు ఎలా ఉండాలో కూడా చూపించాడు. ఒకే వరుస కుట్టు చాలదట. చదరంగా కుట్టి, ఆ చదరంలో ఈ మూల నుండి ఆ మూలకు గుణకారపు గుర్తులాగా కుట్టాలి. లోపల మరొక దట్టమైన గుడ్డ ముక్క ఆనింపు ఉండాలి. అప్పుడు బరువు ఒక్క దారం మీద పడక నాలుగు వైపులకు పంచుకుంటుంది. మా అబ్బాయి సంచికి ఆయన అలాగే కుట్టి, 60 రూపాయలు తీసుకొన్నాడు. మేము లేచేటప్పుడు మరొక మాట అన్నాడు.

"సంచి కొనేటప్పుడు ఖాళీది చూస్తరు సారూ. మోసేటప్పుడు నిండుది మోస్తరు."

ఆ మాట మేము కాగితం మీద వ్రాసుకొన్నాము.

ఆదివారం గోడవార

ఆదివారం అబ్బాయి మమ్మల్ని ఆరాధనకు తీసుకొని వెళ్ళాడు. ఒక అపార్టుమెంటు క్రింది అంతస్తులో పదుల సంఖ్యలో యువతీ యువకులు కూడుకొన్నారు. రాత్రి డ్యూటీ ముగించుకొని నేరుగా వచ్చినవారు కొందరున్నారు. చెప్పులు గుమ్మం బయట, సంచులు వెనుక గోడవార వరుసగా పెట్టారు. సంచుల మీదనే మనసు ఉన్నందున పాట జరుగుతుండగా మా చూపు ఆ గోడ వైపు పోయింది. ఇది ఖరీదైనది, దీనివాడు బాగా సంపాదించేవాడై ఉండాలి. ఇది వెలిసిపోయింది, దీనివాడు పాపం క్రొత్తగా వచ్చినవాడేమో. ఇలా లెక్క వేసుకొంటూ పోయాము.

ఆరాధన ముగిశాక తెలిసింది. వెలిసిపోయిన ఆ సంచి కీబోర్డు వాయించిన సహోదరునిది. తన ఆఫీసులో నలభైమంది మీద పెద్దగా ఉన్నవాడు. ఆ ఖరీదైన సంచిగల కుర్రవాడు ఉద్యోగం వెదుక్కుంటున్నాడు. సంచి తన స్నేహితునిది, ఇంటర్వ్యూకు అడిగి తెచ్చుకొన్నాడు.

మాకు యెహోషువ గ్రంథము 9వ అధ్యాయము గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాము. గిబియోనువారు ప్రక్క ఊరినుండే వచ్చారు. కాని చినిగిన పాత సంచులు, అతుకులు వేసిన చెప్పులు చూపించి, చాలా దూరదేశం నుండి వచ్చామని నమ్మించారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ సంచులను చూశారు, రొట్టెలను ముట్టి చూశారు, దేవుని దగ్గర మాత్రం విచారణ చేయలేదు. సంచిని చూసి మనిషిని తూచడం ఎప్పటికైనా మోసమే. పాత సంచి చూసి మోసపోయినవారు వారు. క్రొత్త సంచి చూసి మోసపోయినవారము మేము. అదే పొరపాటు సంచి విషయంలోనూ జరగవచ్చు. ధర చూసి మంచిదనుకోవడం ఎంత పొరపాటో, ధర చూసి దురాశ అనుకోవడమూ అంతే. మేము ఇంటినుండి ఆ రెండవ పొరపాటునే మూటగట్టుకొని వచ్చాము.

ఖరీదు దేనికి?

సోమవారం సాయంత్రం గచ్చిబౌలి వైపున్న ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి ఆ సంచిని చూశాము. అక్కడి కుర్రవాడు ఓపికగలవాడు. మేము అడిగినవన్నీ చెప్పాడు. ఇటువంటి సంచి కొనాలనుకొనే పాఠకులకు ఉపయోగపడునని వాటిని ఇక్కడ పెడుతున్నాము.

మొదటిది గుడ్డ. చీటీ మీద 210 డి, 420 డి, 600 డి అని ఉంటుంది. డి అంటే డెనియరు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. సంఖ్య పెరిగితే దారం లావు, సంచీ బరువు. అయితే అంకె ఒక్కటే చాలదు. ఒకే లావుగల నైలాను దారం పాలిస్టరు దారంకన్నా సాధారణంగా గట్టిది. లోపలి వైపు నీరు దిగకుండా ఒక పూత పూస్తారు. మనవంటి వేడి, తేమగల ప్రాంతాలలో కొన్నేళ్ళకు ఆ పూత జిగటగా మారి పొట్టులా రాలిపోవచ్చు. అది ఖరీదైన సంచికీ తప్పదు. కాబట్టి జీవితాంతం వస్తుందనే మాటను అక్షరాలా నమ్మనక్కరలేదు.

రెండవది జిప్పు. తడావో యోషిదా అనే ఆయన 1934లో జపానులో ప్రారంభించిన వైకేకే కంపెనీ జిప్పులకు లోకమంతటా పేరున్నది. 5, 8, 10 అనే అంకెలు వాటి పళ్ళ వరుస వెడల్పును తెలుపుతాయి. ఎక్కువగా తెరిచి మూసే పెద్ద అరకు 8 గాని 10 గాని ఉంటే మంచిది. కాని ఆ పేరు అచ్చువేసిన నకిలీలూ బజారులో ఉన్నాయి. కనుక పేరు చదివి ఊరుకోక, మూల తిరిగే చోట పదిసార్లు లాగి చూడాలి.

మూడవది, ముఖ్యమైనది, నడుము పట్టీ. ఇదెందుకో మాకు మొదట అర్థం కాలేదు. తరువాత మన ఇళ్ళలోనే దాని రహస్యం ఉన్నదని తెలిసింది. మన ఆడవారు నీళ్ళ బిందెను చంకన పెట్టుకొన్నప్పుడు దాని బరువు చేతి మీద ఉండదు, తుంటి ఎముక మీద ఆనుతుంది. అందుకే నిండు బిందెతో అంత దూరం నడవగలరు. 1952లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన అల్యూమినియం చట్రంతో వీపు సంచులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. సంచులను ఆయన భార్య నీనా ఇంట్లో కుట్టేది. బరువును భుజాలనుండి తుంటికి దించే నడుము పట్టీని జనానికి అలవాటు చేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఖరీదైన సంచులలో మనం ఇచ్చే సొమ్ములో చాలా భాగం ఈ చట్రానికీ, ఈ పట్టీకీ పోతుంది.

అయితే ఆ పట్టీ తుంటి మీద కూర్చుంటేనే ఆ సొమ్ముకు ఫలితం. మనిషి పొడవును బట్టి కాదు, వీపు పొడవును బట్టి సంచి కొలత ఉంటుంది. మెడ వంచితే వెనుక ఉబ్బుగా తగిలే ఎముక నుండి, తుంటి ఎముకల పై అంచు మట్టం వరకు టేపుతో కొలవాలి. మా అబ్బాయి పొడగరి. కాళ్ళు పొడవు, వీపు పొట్టి. వాడు ఇష్టపడ్డ 13,500 రూపాయల సంచిలో కుర్రవాడు ఇసుక మూటలు పెట్టి 8 కిలోలు చేసి వీపున తగిలించాడు. నడుము పట్టీ తుంటి దిగువకు జారింది. బరువంతా మళ్ళీ భుజాల మీదికే వచ్చింది. చిన్న కొలతది తెప్పించాలంటే మూడు వారాలు పడుతుందన్నాడు.

ప్రక్కనే 5,600 రూపాయలది ఒకటుంది. వీపు పలకను పైకీ క్రిందికీ జరుపుకోవచ్చు. అదే ఇసుక మూటలతో దానిని వేసుకొని దుకాణంలో పావుగంట నడిచాడు. "నాన్నా, ఇది కూర్చున్నది" అన్నాడు. పెద్దాయన చెప్పినట్టు పట్టీల మొదళ్ళు తిప్పి చూశాము. చదరపు కుట్టు, లోపల ఆనింపు, రెండూ ఉన్నాయి.

మరొక చిక్కు కూడా అక్కడే తెలిసింది. ఆఫీసువారు వాడిని బెంగుళూరుకు విమానంలో పంపుతారు. మన దేశీయ విమానాలలో చేతి సామాను సాధారణంగా 7 కిలోలు దాటకూడదు. ఖరీదైన సంచి ఖాళీగానే 1 కిలో 900 గ్రాములు తూగింది. అంటే అనుమతించిన బరువులో నాలుగవ వంతుకు పైగా సంచే తినేస్తుంది. రెండవది 1 కిలో 200 గ్రాములు.

అయినా ఆ రాత్రి ఏదీ కొనకుండానే తిరిగి వచ్చాము. ఇంటికి వెళ్ళి ఆలోచిద్దామన్నాము.

అటక మీద దొరికినవి

మరునాడు వాడు ఆఫీసుకు వెళ్ళాక గది శుభ్రం చేయసాగాము. వంటగదిలో అటక దులుపుతుంటే ఒక అట్టపెట్టె కనిపించింది. తెరిచి చూశాము. మేము పంపిన ఆవకాయ సీసాలు రెండు, మాగాయ ఒకటి, గోంగూర ఒకటి. నెయ్యి డబ్బా. దేనికీ మూత విప్పలేదు. క్రిందటి వేసవినుండి ప్రతి నెలా మేము కట్టి ఇచ్చినవే. ఆ పెట్టె ప్రక్కనే నొప్పికి రాసుకొనే మందు గొట్టాలు మూడు, అడుగు వరకు పిండేసినవి.

అప్పుడు లింగంపల్లినుండి తెచ్చిన సంచి లెక్క తిరిగి వేశాము. మొత్తం 13 కిలోల 200 గ్రాములు. అందులో ఖాళీ సంచి 1 కిలో 100. కంప్యూటరు, దాని తీగలు 2 కిలోల 800. బట్టలు 2 కిలోల 600. మిగిలిన 6 కిలోల 700 గ్రాములు మావే. పచ్చళ్ళు, కొత్త బియ్యం, సున్నుండలు, అరిసెలు. ఆనాడు పట్టీ తెగడానికి కుట్టు ఎంత కారణమో, మేమూ అంతే కారణము. ఏలూరు బస్టాండులో పట్టీని తెంపినదీ మా ఆవకాయ సీసాయే గదా.

సాయంత్రం వాడు రాగానే పెట్టె చూపించి అడిగాము. కాసేపు తల వంచుకొని, "హాస్టలు మెస్సులోనే తింటున్నానమ్మా. ఇంట్లో వండేది ఎప్పుడో. మీరు అంత కష్టపడి పెడితే వద్దనలేకపోయాను" అన్నాడు.

"మరి నడుము నొప్పి అని ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే ఉద్యోగం మానెయ్యమంటారని."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాము. వాడు ఇన్నాళ్ళూ ఖరీదైన సంచి అడిగినది షోకుకు కాదు. మా ప్రేమను మోయలేక, మోయలేనని చెప్పలేక, మోయగల సంచిని వెదుక్కొన్నాడు.

లెక్క

ఆ రాత్రి ప్రార్థన చేసుకొని ముగ్గురం కాగితం ముందు కూర్చున్నాము. గోపురము కట్టగోరినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో నేర్పించారు. గోపురానికైనా, సంచికైనా పద్ధతి అదే.

వాడికి నెలకు రెండు ప్రయాణాలు. రానూ పోనూ కలిపితే నాలుగు, సంవత్సరానికి 48. సంచి ఐదేళ్ళు వచ్చిందనుకొంటే 240. ఆ లెక్కన 13,500 రూపాయల సంచికి ఒక్కొక్క ప్రయాణానికి 56 రూపాయలు పడుతుంది. 5,600 రూపాయలదానికి 23 రూపాయలు. ఈ మాత్రం వాడికి దుబారా కాదు. అదే సంచి మా ఇద్దరికి కొంటే? మేము ఏడాదికి రెండుసార్లు ఊరు దాటితే గొప్ప. రానూ పోనూ ఐదేళ్ళకు 20 ప్రయాణాలు. 13,500 రూపాయలను భాగిస్తే ప్రయాణానికి 675 రూపాయలు. మా స్లీపరు టికెట్టుకన్నా సంచి ఖర్చే ఎక్కువ. ఒకే వస్తువు ఒకరికి అవసరం, మరొకరికి ఆడంబరం. ధర చీటీ మీద ఈ సంగతి ఉండదు. మన దారి ఎంత, మన బరువు ఎంత అన్నదాన్నిబట్టి తేలుతుంది.

చవక సంచికీ లెక్క ఉన్నది. ఆ 350 రూపాయల సంచి మాకు చవకగా పడలేదు. మరకలు పడిన కాగితం, ఆ కుర్రవాడి చిన్నబోయిన ముఖం, వాటిని ఏ అంకెలలో వేస్తాము?

చివరకు మూడు తీర్మానాలు చేసుకొన్నాము. ఒకటి, చెల్లెలి ఫీజు 15,000 రూపాయలు ముందుగా విడిగా పెట్టాలి. దానిని ముట్టుకోకూడదు. రెండు, ఊరినుండి తెచ్చే సరుకు కిలో దాటకూడదు. ఇది వాడికి కాదు, మాకు మేము వేసుకొన్న నియమము. మూడు, 5,600 రూపాయల సంచి కొనాలి. బుధవారం వెళ్ళి కొన్నాము. గ్యారంటీ కాగితం చదివించుకొన్నాము. తయారీ లోపాలకే గాని అరుగుదలకు వర్తించదని అందులో ఉన్నది. ఇటువంటి కాగితాలు చాలావరకు ఇలాగే ఉంటాయి గనుక, పాఠకులు సొమ్ము కట్టక ముందే చదువుకోవడం మంచిది. పాత సంచిని పారవేయలేదు. ఆఫీసుకు అది చాలు. పెద్దాయన వేసిన కుట్టు గట్టిగానే ఉన్నది.

పదమూడు వేల సంచి ఎవరూ కొనకూడదని మా ఉద్దేశము కాదు. మన్యంలో మోటారు వెళ్ళని గూడేలకు మందులు, పుస్తకాలు వీపున వేసుకొని రోజంతా నడిచే సేవకులున్నారు. వీపుకు సరిగా కుదిరితే, అటువంటివారికి అది ఖరీదు కానే కాదు. సంఘస్థులు నలుగురు కలిసి కొనిపెట్టినా తగును.

తిరుగు ప్రయాణం

తిరిగి వచ్చే రోజు ఆ నాలుగు సీసాలలో ఒకటి వాడికి ఉంచి, ఒకటి కుట్టుమిషను పెద్దాయనకు ఇచ్చాము. ఆయన సంతోషించి, మా గుడ్డ సంచికి ఊడిన చెవి ఉచితంగా కుట్టి ఇచ్చాడు. మిగిలినవి ఆదివారపు ఆరాధనకు వచ్చే పిల్లలకు పంచమని చెప్పాము. ఇంటి పచ్చడి లేనివారు అక్కడ చాలామంది ఉన్నారు.

రైలులో కూర్చున్నాక మన తెలుగు బైబిలులోని జాలె అనే పాత మాట గుర్తుకు వచ్చింది. ప్రయాణికుడు భుజాన వేసుకొనే సంచి అది. శిష్యులను మొదట పంపినప్పుడు ప్రభువు జాలె కూడా వద్దన్నారు. తరువాత, లూకా 22వ అధ్యాయములో, జాలె ఉన్నవాడు తీసికొని వెళ్ళవలెనన్నారు. ప్రయాణం మారింది, దానితో ఆజ్ఞా మారింది. సంచి ఉండడం గొప్ప కాదు, లేకపోవడమూ గొప్ప కాదు.

గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు ఒకరి భారము ఒకరు మోయమని చెప్పి, వెంటనే ఎవని బరువు వాడే మోసికోవాలని కూడా అంటాడు. ఈ రెండు మాటలు ఎలా పొసగుతాయని మేము చాలాకాలం అనుకొనేవాళ్ళము. గోపన్‌పల్లిలో కొంత అర్థమైంది. పిల్లలకు మోయడానికి వారి బరువు వారికి ఉన్నది. మనము ప్రేమ పేరిట దానిపై మరొక మూట పెట్టకుండా ఉండడం కూడా వారి భారము మోయడమే.

మీ పిల్లలు కూడా దూరాన పనిచేస్తూ ఏదైనా ఖరీదైన వస్తువు అడిగితే, వెంటనే అవుననవద్దు, కాదనవద్దు. ముందు వారి సంచి ఒకసారి ఎత్తి చూడండి. అందులో మీది ఎంత ఉన్నదో చూడండి. మీ ప్రయాణాలన్నిటిలో ప్రభువు మీకు తోడైయుండును గాక.